కాపలావాడి నిద్ర

చిన్న కథే. టీ చల్లారేలోపు అయిపోతుంది.

కాకపోతే లంకపాలెంలో ఎవరెలా నిద్రపోతారో ముందు చెప్పుకోవాలి. సర్పంచి భద్రయ్య పంచాయతీ మీటింగులో పడుకుంటాడు. మెలకువ వచ్చినప్పుడల్లా “అలాగే కానిద్దాం” అంటాడు. ఊరు ఇలా ఉండడానికి ఆ మాటే కారణం. ఆర్‌ఎంపీ డాక్టరు ప్రకాశం రోగి నాడి పట్టుకుని కునుకు తీస్తాడు. డాక్టరు లేస్తాడేమోనని పాపం రోగి కదలడు. రిటైరైన లెక్కల మాస్టారు ఫోను చూస్తూ నిద్రలోకి జారతాడు. అది రోజూ ముక్కు మీద పడుతుంది. ముక్కు ఇప్పుడు కొంచెం ఎడమకు తిరిగింది.

నిద్ర పట్టనిది ఒక్క గంగాచలానికే.

ఏడాది కిందట అతని బావ సూరిబాబు, గంగాచలం అక్కని కాన్పుకు ఆసుపత్రికి తీసుకెళ్తూ, “ఈ ఒక్క రాత్రీ చెరువు చూసుకోరా” అన్నాడు. రొయ్యల చెరువు. నీళ్లలో గాలి కలిపే చక్రాలు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. లేకపోతే రొయ్యలకు ఊపిరాడదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. గంగాచలం నిద్రలో ఉన్నాడు. తెల్లారేసరికి గట్టు పొడుగునా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి.

సూరిబాబు వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. “పోనీలేరా” అన్నాడు.

అంతే. లంకపాలెంలో తుమ్మినా తిడతారు. గంగాచలాన్ని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. వాళ్లేమీ అనలేదు కాబట్టి అతనూ తప్పయిందని అనలేదు. ఆ రోజు నుంచి కన్ను మూతపడలేదు.

సలహాలకు లోటు రాలేదు. సాయంత్రం నాలుగు దాటితే టీ ముట్టొద్దని ప్రకాశం తన ఆరో టీ తాగుతూ చెప్పాడు. పడుకునే ముందు ఫోను చూడొద్దని మాస్టారు రాత్రి పదింటికి ఫోను చేసి మరీ చెప్పాడు. గంగాచలం అన్నీ చేశాడు. జాజికాయ వేసిన పాలు తాగాడు. అరికాళ్లకు నూనె రాసుకున్నాడు. సాయంత్రాలు గట్టు వెంబడి కాళ్లు పీకేదాకా నడిచాడు. రోజూ ఒకే వేళకు పక్క ఎక్కాడు, ఒకే వేళకు దిగాడు. ఆ రెంటికీ మధ్య ‘పోనీలేరా’ అన్న మాట వింటూ పడి ఉన్నాడు.

ఊరు ఆ మెలకువను వృథా పోనివ్వలేదు. నిద్ర రాని మనిషిని మించిన కాపలావాడు ఎక్కడ దొరుకుతాడు? ఈ రాత్రి నా చెరువుకు రా అంటే నా చెరువుకు రా అని పిలిచారు. పగలు నిద్రకు చిట్కాలు చెప్పినవాళ్లే రాత్రి కాపలాకు కబురు పెట్టారు. సూరిబాబు కూడా మళ్లీ చెరువులో రొయ్య పిల్లల్ని వదిలి, “నువ్వుంటే నాకు నిశ్చింతరా” అన్నాడు.

గంగాచలం కళ్లు గుంటల్లోకి పోయాయి. అన్నం మట్టిలా ఉంటోంది. చెరువు నీళ్లలోకి దిగితే అక్కడైనా కాస్త కన్ను మూయొచ్చని అనిపించసాగింది. ఒక వేకువన నడుం లోతు దిగాడు కూడా.

ఎందుకో వెనక్కి వచ్చి, ఆ తడి లుంగీతోనే కాలవ అవతలి దర్గాకు వెళ్లాడు. అక్కడి ఫకీరు జిలానీ తాతకు అతను చిన్నప్పటి నుంచీ శిష్యుడు.

“తాతా, నాకు నిద్ర కావాలి. లేదంటే చావైనా సరే.”

తాత అతని లుంగీ వంక చూశాడు.

“ఈ రాత్రి కాపలా ఎక్కడ?”

“మా బావ చెరువు.”

“నువ్విక్కడ పడుకో. నేను పోతాను.”

“రొయ్యల సంగతి మీకేం తెలుసు తాతా?”

“నీకు తెలుసుగా. ఏమైంది?”

గంగాచలం చాప పరుచుకున్నాడు.

చీకటి పడ్డాక తాత కర్ర పట్టుకుని వెళ్లాడు. దర్గాలో నూనె దీపమే తప్ప కరెంటు లేదు. అందుకని నడిరాత్రి ఊళ్లో కరెంటు పోయిన సంగతి, చాప మీద మేలుకునే ఉన్న గంగాచలానికి తెలియలేదు.

తెల్లారి అతను వెళ్లేసరికి గట్టు పొడుగునా మళ్లీ తెల్లగా ఉంది. కాపలా పాకలో తాత గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. అది నిజం నిద్రా, దొంగ నిద్రా అన్నదాని మీద ఊళ్లో ఇప్పటికీ రెండు పార్టీలు.

అందరూ పోగయ్యారు. సూరిబాబు నీళ్లనూ తాతనూ మార్చి మార్చి చూశాడు. తాత లేచి కూర్చున్నాడు.

“పోనీలెండి తాతా.”

“పోనీయకు నాయనా. తప్పు నాది. తిట్టు. తిడితే గాని ఈ రాత్రి నాకు కన్ను మూతపడదు.”

సూరిబాబు నోరు తెరిచాడు. తెల్లగడ్డం చూసి మూసుకున్నాడు.

గంగాచలం ముందుకొచ్చాడు. “తాతది కాదు బావా. తప్పు నాది. ఇదీ నాదే. నిరుటిదీ నాదే.”

సూరిబాబు అతని కాలర్ పట్టుకున్నాడు.

“ఒరేయ్ దౌర్భాగ్యుడా! ఆడపిల్ల పుట్టిందని చెబుదామని ఆ పొద్దున పరిగెత్తుకుంటూ వచ్చానురా! నీకే ముందు చెబుదామనుకున్నానురా! పుట్టిందని ఎవరికీ చెప్పుకోలేకపోయాను కదరా!”

అక్కడ మొదలై ఏడాదిగా దాచుకున్నదంతా బయటికొచ్చింది. ఏడుస్తూ తిట్టాడు, తిడుతూ ఏడ్చాడు. అతను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఊరివాళ్లు తలొక మాటా అందించారు.

గంగాచలం తల వంచుకుని అంతా విన్నాడు. అయ్యాక అక్కడే కూలబడి, ఎండలో, చచ్చిన రొయ్యల కంపులో నిద్రపోయాడు. ఈగలు ముసిరినా కదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం లేచాడు.

లేచి దర్గాకు వెళ్లాడు. తాత గోడకు జారగిలబడి కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“పడుకోలేదా తాతా?”

“నన్నెవరూ తిట్టలేదు.”

గంగాచలం తలుపు దగ్గరగా వేశాడు.

“ముసలాడా, బుద్ధుందా నీకు? చేతకానివాడివి కాపలాకెందుకు పోయావు? నోటి దగ్గర కూడు నీళ్లపాలు చేశావే! నీ గడ్డానికి జడిసి ఒక్కడూ అడగలేదు. నేనడుగుతున్నాను. ఎలా పడుకోబుద్ధేసింది నీకు?”

తాత తల వంచుకుని అంతా విన్నాడు. అయ్యాక చాప మీద ఒరిగాడు.

“రేపు చీకటితో లేపు. సూరిబాబు చెరువులో బురద తియ్యాలి, ఇద్దరం.”

మర్నాడు ఇద్దరూ బారెడు పొద్దెక్కాక వెళ్లారు. సూరిబాబు ఇద్దర్నీ తిట్టాడు.