గంజి కుండ మీద మూడు దెబ్బలు

మనసు చెదిరిన మనిషిని తలుపు సందులోంచి చూసి నవ్వేవాడా, ముందు ఆ నవ్వు ఆపు. ఈ కథ నీకే చెబుతున్నాను.

మన తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో ఒక నేతగాళ్ల వీధి ఉండేది. పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాచేవారు. ఆ దారాలకు పట్టించే గంజి కాయడం ముసలి బూదెమ్మ పని. వీధంతటికీ ఒకే కుండ, ఒకే గరిటె.

ఒకనాడు ఆమె నూకల కోసం వీధి పెద్ద గురవప్ప పెరట్లోకి వెళ్లింది. గొళ్లెం పెట్టిన గదిలోంచి గొంతు వినిపించింది.

"ఎవరది? ఇప్పుడు పగలా, రాత్రా?"

అది గురవప్ప తమ్ముడు మల్లప్ప గొంతు. పెళ్లాం పోయాక అతని మనసు చెదిరింది. తమ్ముడు కాశీకి పోయాడని గురవప్ప ఊరంతా చెప్పుకున్నాడు.

"పగలే నాయనా," అంది బూదెమ్మ. ఆ పూట ముద్ద దిగలేదు ఆమెకు.

ఇల్లిల్లూ తిరిగింది. "మల్లప్పను బయటికి తెద్దాం. వంతులేసుకుని తోడుందాం," అంది.

మొదటి ఇంట్లో, "పడుగు తెంపితేనో?" అన్నారు. రెండో ఇంట్లో, "మా పిల్లకు సంబంధాలు రావు," అన్నారు. మూడో ఇంట్లో, "ఎవరైనా ముందుకొస్తే మేమూ వస్తాం," అన్నారు. మిగతా ఇళ్లన్నీ మూడో ఇంటి మాటే అన్నాయి.

మర్నాడు పడుగు సాచారు. ఎండెక్కింది. బూదెమ్మ ఖాళీ కుండను గురవప్ప గుమ్మం ముందు బోర్లించి, గరిటెతో మూడు దెబ్బలు కొట్టింది.

"మీ తమ్ముడు కాశీలో లేడు పెద్దయ్యా, వెనక గదిలో ఉన్నాడు. తలుపు తీస్తేనే గంజి కాస్తా."

"పరువు పోతుందే ముసలిదానా!"

"పోనీ. మనిషి వస్తాడుగా."

"పెద్దయ్యా, గంజి లేక పడుగు పాడైపోతోంది, తలుపు తియ్యి!" అని వీధంతా అరిచింది. తమ్ముడి మీద జాలితో కాదు, పడుగు మీద బెంగతో అరిచారు. అయినా తలుపు తెరుచుకుంది.

మల్లప్ప తొలిరోజే పోగులు తెంపాడు. "మళ్లీ గదిలో పెట్టండి," అంది అదే పడుగు దగ్గర పనిచేస్తున్న నాగక్క.

"పొద్దున్నుంచి నువ్వెన్ని తెంపావే? నిన్ను ఏ గదిలో పెట్టాం?" అంది బూదెమ్మ. వీధంతా నవ్వింది. మల్లప్ప కూడా నవ్వాడు.

ఆ రోజు నుంచి ఇళ్లన్నీ వంతులేసుకుని అతనికి తోడున్నాయి. వంతు మరిచిన ఇంటి ముందు ఆమె కుండ మోగేది. సిగ్గుపడి వచ్చేవారు. పోనుపోను మల్లప్పకు నిద్ర పట్టింది, ఆకలి పుట్టింది. తెగిన పోగులు అతికే పని అతనిదే అయింది.

బూదెమ్మ పోయింది. ఇప్పటికీ ఆ వీధిలో గంజి పెట్టే ముందు కుండ మీద మూడు దెబ్బలు కొట్టి, "ఎవరు బయటికి రాలేదు?" అని అడుగుతారు. రాని మనిషి ఇంటికి ఒకరు వెళ్తారు.

ఇక గురవప్ప సంగతి. మల్లప్ప అందరితో కబుర్లాడేవాడు, పరాచికాలాడేవాడు. అన్న ఎదురైతే మాత్రం ఒక్కటే అడిగేవాడు.

"అన్నా, ఇప్పుడు పగలా, రాత్రా?"

వీధంతా వింటుండగా, నడినెత్తిన ఎండలో, గురవప్ప తల వంచుకుని చెప్పేవాడు: "పగలే తమ్ముడూ."

చచ్చేదాకా చెప్పాడు.