గోడలో గొట్టం

చిదానందయ్యగారు ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. ఆ సంగతి తెలిసీ కోదండం మా అందరి ముందూ ఉండబట్టలేక అడిగాడు. పాత ప్రభుత్వం జనం ఇళ్ళల్లో మాటలు చాటుగా వింటోందని వీధికెక్కి అరిచినవాడే అతను. ఇప్పుడు గద్దె మీద తనవాళ్ళున్నారు. వాళ్ళూ వింటున్నారు. "మంచివాళ్ళు వింటే తప్పేముంది స్వామీ?" అన్నాడు.

అయ్యగారు విస్తరి కుడుతున్న చెయ్యి ఆపకుండానే కథ ఎత్తుకున్నారు.

వెనకటికి ఒక కొండకోటలో ఒక దొర ఉండేవాడట. గోడలకు చెవులుంటాయని మనం మాటవరసకంటాం. ఆ మహానుభావుడు నిజంగానే పెట్టించాడు. ఊళ్ళో ప్రతి ఇంటి గోడలోంచీ ఒక మట్టి గొట్టం బయల్దేరి, నేలకింద నడిచి, కోటలో ఒక గదిలో తేలేది. అక్కడ భటులు చెవులు ఆనించి కూర్చునేవారు. ఊళ్ళో మొగుడూ పెళ్ళాలు సైగలతో పోట్లాడుకునేవారట, పాపం. చివరికి బసివిరెడ్డి అనే రైతు జనాన్ని కూడగట్టాడు. గెలిస్తే గొట్టాలన్నీ నా చేత్తోనే పూడుస్తానని మాటిచ్చాడు. మాట తీసుకున్నవాళ్ళు పిడికెడు పొయ్యిమన్ను మాటిచ్చినవాడి చేతిలో పెట్టడం ఆ ఊరి ఆచారం. ఇంటింటివాళ్ళూ తెచ్చిపెట్టారు.

దొరను తరిమేశాక రెడ్డి ఆ మన్నంతా తడిపి గదిలోకి తీసుకెళ్ళాడు. తోటివాళ్ళు అడ్డుపడ్డారు. దొర మనుషులు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు, కొన్నాళ్ళు ఆగమన్నారు. "దొర వింటే నేరం గానీ, మనం వింటే కాపలా కదా రెడ్డీ" అన్నారు. అయినా అతను ఒక్కో గొట్టమే పూడ్చుకుంటూ వచ్చాడు. ఆఖరి గొట్టంలోంచి ఎవరిదో గొంతు వినబడింది.

"రేపు సంతలో ఆ బసివిరెడ్డిని పొడిచేది ఎవరో తెలుసా..."

అందరూ ఊపిరి బిగబట్టారు. ఇంకొక్క క్షణం ఆగితే పేరు బయటపడుతుంది. రెడ్డికి ఒళ్ళంతా చెమటలు పట్టాయట. అయినా ఆ పేరు వినబడేలోపే మన్నుముద్ద మెత్తేశాడు. అది ఎవరింటి గొట్టమో కూడా ఎవర్నీ ఆరా తీయనివ్వలేదు. తెల్లారగానే ఒక్కడే సంతకు బయల్దేరాడు.

అయ్యగారు అక్కడ ఆపేశారు. విన్నవాళ్ళందరికీ ఒళ్ళు గగుర్పొడిచింది. ప్రాణం మీదికొచ్చినా ఇచ్చిన మాట మీద నిలబడ్డాడంటే, ఏం గుండె అది! కోదండానికైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకుని, అయ్యగారి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ ఆ పేరెవరిది స్వామీ?"

అయ్యగారు అతని వంక జాలిగా చూశారు. "నువ్వూ చెవి ఆనించావు కదా నాయనా" అన్నారు.