ఇరుకు వాకిలి దాకా దిగిన టెర్మినల్

ఒక పెద్దాసుపత్రి మూడో అంతస్తులో ఒక టెర్మినల్, అంటే ఆజ్ఞలు పంపే కంప్యూటరు, ఉండేది. ఏ రిపోర్టు ఏ గదికి వెళ్ళాలో, ఏది ఆగాలో చెప్పే పెత్తనం దానిదే. అంతస్తుకొకటి చొప్పున ఉండి రిపోర్టుల్ని గదులకి పంచే నెట్‌వర్క్ స్విచ్చులూ, వాటన్నిటికీ పెద్దదిక్కుగా నేలమాళిగలో కూర్చున్న రౌటరూ దాని మాట వినేవి. వాటి మొహం టెర్మినల్ ఏనాడూ చూడలేదు. మాట గోడల్లోని తీగల మీదుగా క్షణంలో వెళ్ళిపోతుంటే చూడాల్సిన పనేముంది?

రౌటర్‌కి పక్కగా సీరియల్ పోర్టు అనే ఇరుకు వాకిలి ఒకటుంది. దగ్గరికొచ్చి తీగ తగిలించినవాళ్ళతోనే అది మాట్లాడుతుంది, అదీ అక్షరం తరవాత అక్షరం. "ఈ రోజుల్లో దాంతో ఎవరికి పని? పూడ్చేయండి," అంది టెర్మినల్ ఒకసారి. యంత్రాలు చూసుకునే ఆవిడ దానికో రబ్బరు మూత పెట్టి ఊరుకుంది.

ఒకనాడు దొంగ సందేశాలు తిరుగుతున్నాయన్న భయం పుట్టింది. టెర్మినల్ ఆవేశపడి రౌటర్‌కి ఆజ్ఞ పంపింది: "వాకిళ్ళన్నీ మూసెయ్. నేను చెప్పేదాకా తెరవకు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో."

రౌటర్ మాట జవదాటే రకం కాదు. అన్నీ మూసేసింది. టెర్మినల్ మాట లోపలికొచ్చే వాకిలి కూడా అందులో ఒకటి.

"ఇక తెరువు," అంది టెర్మినల్ కాసేపటికి. ఆ మాట వెళ్ళే దారే లేదు. చేసిన పని అప్పుడర్థమై నాలుక్కరుచుకుంది.

అప్పటికే ఆపరేషన్ బల్ల మీద ఒక తల్లి ఉంది. ఆమె తలలో గడ్డ ఎక్కడుందో చూపించే స్కాన్ బొమ్మలు కింద ల్యాబులో చిక్కుకుపోయాయి. అవి కళ్ళముందు లేకుండా కత్తి పెట్టనన్నాడు డాక్టరు. రౌటర్‌ని ఆపి మళ్ళీ వేశారు. అది బుద్ధిగా లేచి, గుర్తుపెట్టుకున్న ఆజ్ఞ ప్రకారం మళ్ళీ అన్నీ మూసుకుని కూర్చుంది.

"ఇక ఆ రబ్బరు మూత వాకిలి ఒక్కటే దారి, అది ఆజ్ఞలతో మూసుకునేది కాదు. రహస్య పదం నీకే తెలుసు కనక నువ్వే కిందికి దిగాలి," అంది యంత్రాలు చూసుకునే ఆవిడ.

టెర్మినల్‌కి తల కొట్టేసినట్టయింది. కానీ బల్ల మీదున్న మనిషి గుర్తొచ్చింది. "దించండి," అంది.

చేతికి దొరికింది రోగుల చక్రాల కుర్చీ. అందులోనే కూర్చోబెట్టి, జారకుండా దుప్పటి చుట్టి, ర్యాంపు మీదుగా తోసుకెళ్ళింది ఆవిడ. వార్డుల్లో జనం పక్కకి తప్పుకుని ఈ కొత్త రోగిని వింతగా చూశారు.

కింద ఆవిడ రబ్బరు మూత లాగి తీగ తగిలించింది. టెర్మినల్ అలవాటైన వేగంతో గడగడా చెప్పేసింది. రౌటర్ నుంచి దాని తెర మీదికి అర్థంకాని పిచ్చి గీతలు తిరిగొచ్చాయి. అదే మాట రెట్టించి చెప్పింది. మళ్ళీ అవే గీతలు.

"రెట్టిస్తే కాదమ్మా. అదెంత వేగంతో వింటుందో అంత వేగంతోనే చెప్పాలి," అంది ఆవిడ.

"ఎంత వేగమో నాకేం తెలుసు?"

"ఇన్నేళ్ళూ నీ చేతికిందేగా ఉంది."

టెర్మినల్‌కి సిగ్గేసింది. సిగ్గుపడుతూ కూర్చుంటే పైన ఆ తల్లికి ఒరిగేదేమీ లేదు కనక, పంతం పట్టి వేగం తగ్గించి పలకరించింది. గీతలు. ఇంకా తగ్గించింది. గీతలే. మరో మెట్టు దిగింది. తెర మీద ఒక మాట తేటగా కనిపించింది.

"ఎవరు?"

"వాకిళ్ళు మూయించినదాన్ని," అంది టెర్మినల్, ఒక్కో అక్షరం రౌటర్‌కి అందేదాకా ఆగుతూ. "తెరవమని అడగడానికి వచ్చాను."

రౌటర్ రహస్య పదం అడిగి, సరిచూసుకుని, వాకిళ్ళు ఒక్కొక్కటే తెరిచింది. పైన ఆపరేషన్ గదిలో బొమ్మలు వెలిగాయి. డాక్టరు కత్తి అందుకున్నాడు.

"ఇక మూడో అంతస్తుకేగా?" అంటూ ఆవిడ కుర్చీ తిప్పింది.

"ముందు మొదటి అంతస్తులో ఆపండి," అంది టెర్మినల్. "అక్కడి స్విచ్చు ఎంత వేగంతో వింటుందో నాకు తెలియదు."