తాయారు తగ్గిన బరువు

మండపేటలో పేర్రాజు అనే దస్తావేజు లేఖరి ఉండేవాడు. పనిలో నిఖార్సయిన మనిషే గానీ, నలుగురు కనిపిస్తే చాలు, అందులో ఒకరిని పట్టుకుని మిగిలిన ముగ్గురినీ నవ్వించకుండా ఉండలేకపోయేవాడు.

యాభై రెండో ఏట అతను నూటనాలుగు కిలోలు ఉండేవాడు. రిజిస్ట్రారు ఆఫీసుకు మెట్లు పన్నెండే. ఆ పన్నెండు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. ఒకరోజు కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. దస్తావేజు రాయించుకోవడానికి వచ్చినవాళ్లే చెరో చెయ్యీ పట్టుకుని పైకి లేపారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇన్నాళ్లూ ఊరందరినీ నవ్వించినవాడికి ఆ నవ్వు మాత్రం భరించరానిదైంది. ఆ సాయంత్రమే డాక్టర్ హైమావతి గారి దగ్గరికి వెళ్లాడు.

హైమావతి గారు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. మున్సిపల్ పార్కులో వంద రోజుల కార్యక్రమం ఒకటి నడిపేవారు. ఉదయం అయిదున్నరకి నలభై నిమిషాల నడక, తర్వాత ఇరవై నిమిషాల వ్యాయామం. తిండికి చీటీ రాసిచ్చేవారు. పూటకి అన్నం ఒక కప్పు, కూర రెండు కప్పులు, పప్పో గుడ్డో తప్పనిసరి, సాయంత్రం గుప్పెడు ఉడికించిన శెనగలు. ఆదివారం ఆదివారం కాటా మీద బరువు చూసేవారు. ఆ అంకె ఆమెకీ, ఆ మనిషికీ తప్ప మూడో మనిషికి తెలిసేది కాదు. కార్డు మీద రాసి, మడిచి చేతిలో పెట్టేవారు.

"వారానికి అరకిలో తగ్గితే చాలు. అంతకంటే ఎక్కువ తగ్గితే నాకు సంతోషం వెయ్యదు, అనుమానం వేస్తుంది. ఒక్క పూట కూడా భోజనం మానకండి," అనేవారు.

పేర్రాజు ఆ చీటీని అక్షరాలా పాటించాడు. సాయంత్రం బస్టాండు దగ్గర తినే మిరపకాయ బజ్జీలు మానేశాడు. పెళ్లిళ్లకి వెళ్తే మజ్జిగ తాగి వచ్చేసి, ఇంట్లో చీటీ ప్రకారం తిన్నాడు. వంద రోజులయ్యాక కూడా ఆపలేదు, వానాకాలంలో గొడుగు వేసుకుని నడిచాడు. ఏడాది తిరిగేసరికి ఎనభై కిలోలకి వచ్చాడు. పన్నెండు మెట్లూ ఒక్క ఊపులో ఎక్కాడు. ఇందులో మాయ లేదు, మోసం లేదు. అతను నిజంగానే కష్టపడ్డాడు.

అయితే ఒళ్లు తగ్గినకొద్దీ అతనిలో ఇంకొకటి పెరిగింది. తాను తగ్గాడు కాబట్టి, తగ్గనివాళ్లందరూ బద్ధకస్తులేనని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

అతనికి ఒక్కతే చెల్లెలు, మంగతాయారు. అందరూ తాయారు అనేవారు. నలభై మూడేళ్లు. భర్త సత్తిబాబు రైసుమిల్లులో పనిచేసేవాడు. ఆమె హైస్కూల్లో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది. షుగరు ఉండేది, రోజూ మాత్రలు వేసుకునేది. ఆమెను పార్కుకి తీసుకొచ్చింది పేర్రాజే. మొదటి రోజు ఆమె కాటా మీద తొంభై ఒక్క కిలోలు తూగింది.

తాయారు ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. చీటీలో రాసింది రాసినట్టు తినేది. రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గింది. పేర్రాజుకి అది చాలా తక్కువనిపించింది. హైమావతి గారు మాత్రం ఆమె కార్డు చూసినప్పుడల్లా, "బాగుందమ్మా, ఇలాగే కానివ్వు," అని వీపు తట్టేవారు.

ఆ సమయంలో హైమావతి గారి కూతురికి పురుడు వచ్చింది. ఆమె నెలరోజులు విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చింది. గుంపులో అందరికంటే ఎక్కువ తగ్గినవాడు పేర్రాజు కాబట్టి కాటా, కార్డులు అతనికే అప్పగించారు.

"పేర్రాజుగారూ, ఎవరి బరువు వాళ్లకే చెప్పండి. తగ్గనివాళ్లని ఏమీ అనకండి. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వెంటనే నాకు ఫోన్ చెయ్యండి," అన్నారు.

"మీరు నిశ్చింతగా వెళ్లిరండి డాక్టరుగారూ," అన్నాడు పేర్రాజు.

కానీ అతని ఆలోచన వేరు. 'ఆ రోజు కుర్చీలోంచి లేవలేక నలుగురిలో సిగ్గుపడ్డాను కాబట్టే నేను తగ్గాను. వీళ్లకి సిగ్గు తగలడం లేదు, అందుకే తగ్గడం లేదు,' అనుకున్నాడు. మొదటి ఆదివారం పార్కు గేటు పక్కన నల్లబోర్డు పెట్టించాడు. దానిమీద ముప్పై ఒక్క పేర్లు, వాటి పక్కన బరువులు సుద్దముక్కతో రాశాడు. ఆ వారం ఎక్కువ తగ్గినవాళ్లు పైన. తగ్గనివాళ్లు కింద. అందరికంటే అడుగున తాయారు పేరు ఉంది. ఆ వారం ఆమె ఏమీ తగ్గలేదు. ఎనభై ఎనిమిది దగ్గరే ఆగింది.

సొంత చెల్లెలే అడుగున ఉండడం పేర్రాజుకి చిన్నతనంగా తోచింది. జనం తనని అనకముందే తానే అనేస్తే సరిపోతుందనుకున్నాడు.

"మా చెల్లెలు నడుస్తుంటే పార్కు అరిగిపోతోంది గానీ, ఆవిడ మాత్రం అరగడం లేదు!" అన్నాడు గట్టిగా.

అందరూ నవ్వారు. నవ్వు వినేసరికి పేర్రాజుకి ఊపు వచ్చింది.

"ఎవరైనా ఒకసారి హైస్కూలుకి వెళ్లి చూసి రండర్రా! వండిన అన్నం పిల్లల దాకా వెళ్తోందో, గరిటె దగ్గరే ఆగిపోతోందో!"

ఈసారి ఇంకా పెద్దగా నవ్వారు. తాయారు కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ మర్నాటినుంచి ఆమె బడిలో మెతుకు ముట్టలేదు. కూరలో ఉప్పు చూడడం కూడా మానేసింది. తనతోపాటు వంట చేసే, పార్కుకి కూడా తనతోనే వచ్చే నూకరత్నం చేత చూపించేది. పిల్లలు వరసగా కూర్చుని తింటూ, "తాయారమ్మగారూ, మీరు తినరా?" అని అడిగేవారు. "ఇంటి దగ్గర తింటానురా," అనేది. ఇంటికి వెళ్లాక, "బడిలో తినేశానండి," అని భర్తతో చెప్పేది. పొద్దున ఒక గ్లాసు పల్చటి మజ్జిగ, సాయంత్రం రెండు దోసకాయ ముక్కలు. అంతే. షుగరు మాత్రలు మాత్రం మానలేదు. మాత్ర మానితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు చెప్పిన మాట ఆమెకి గుర్తుంది. తినకుండా మాత్ర వేసుకుంటే ఏమవుతుందో ఆమెకి తెలియదు.

రెండో ఆదివారానికి రెండు కిలోలు తగ్గింది. బోర్డు మీద ఆమె పేరు మొదటికి ఎక్కింది. పేర్రాజు చప్పట్లు కొట్టించాడు.

"చూశారా, ఒక్క మాట తగిలేసరికి ఎలా కరిగిందో!" అన్నాడు.

మూడో ఆదివారానికి ఇంకో రెండున్నర కిలోలు తగ్గింది. కాటా దిగుతూ తాయారు అన్నగారి చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, పొద్దున్నే చెమటలు పడుతున్నాయి. కళ్లు తిరుగుతున్నాయి," అంది నెమ్మదిగా.

"కొవ్వు కరిగేటప్పుడు అలాగే ఉంటుందే. నాకు మాత్రం కాలేదా? ఇప్పుడు ఆగావంటే మళ్లీ అడుగుకి పోతావు," అన్నాడు పేర్రాజు.

నిజానికి అతనికి ఎప్పుడూ అలా కాలేదు. అతను ఏ పూటా తిండి మానలేదు. కానీ ఇరవై నాలుగు కిలోలు తగ్గిన మనిషి చెప్పిన మాట కాబట్టి తాయారు నమ్మింది.

ఆ బుధవారం నూకరత్నం రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చింది. పేర్రాజు బల్ల చుట్టూ అయిదారుగురు ఉన్నారు. ఆమె జంకుతూ పక్కన నిలబడింది.

"పేర్రాజుగారూ, తాయారు ఏమీ తినట్లేదండి. చేతులు వణికి గరిటె జారిపోతోందండి. నిన్న పొయ్యి మీద పడబోతే నేను పట్టుకున్నానండి. మీరు చెబితే వింటుందండి," అంది.

పేర్రాజు కళ్లజోడు పైకి నెట్టి ఆమెను కిందినుంచి పై దాకా చూశాడు.

"నువ్వు ఈ వారం ఎంత తగ్గావు నూకరత్నం?"

"పావుకిలోనండి."

"అదీ సంగతి! పక్కది రెండు వారాల్లో నాలుగున్నర కిలోలు తగ్గితే ఎవరికి మాత్రం కడుపు మండదు?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నూకరత్నం మెట్లు దిగి వెళ్లిపోయింది. పేర్రాజు డాక్టరుగారికి ఫోన్ చెయ్యలేదు.

నాలుగో ఆదివారం తాయారు ముందురోజు పొద్దుటినుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. మాత్ర వేసుకుని పార్కుకి వచ్చింది. రెండు చుట్లు తిరిగేసరికి జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది. సిమెంటు బెంచీ మీద కూలబడింది. మాట తడబడింది. నూకరత్నం గేటు బయటికి పరుగెత్తి, బండి దగ్గర పంచదార ఎక్కువ వేయించి టీ తెచ్చింది.

పేర్రాజు అడ్డం వచ్చాడు.

"షుగరు మనిషికి పంచదార టీ ఏంటి, బుద్ధుందా? అయినా కాటా చూడకముందు ఏమిటా తాగుడు?"

"మనిషి ఎలా ఉందో చూడండి బాబూ!" అంది నూకరత్నం. గ్లాసు తాయారు నోటి దగ్గర పెట్టబోయింది.

తాయారు గ్లాసును చేత్తో పక్కకి నెట్టింది.

"కాటా అయ్యాక తాగుతానే," అంది.

ఆమె తెలివిలో ఉండగా మాట్లాడిన ఆఖరి మాట అదే. లేచి, నాలుగడుగులు వేసి, కాటా ఎక్కింది. పేర్రాజు వంగి ముల్లు చూశాడు.

"ఎనభై ఒకటి! మూడు వారాల్లో ఏడు కిలోలు!" అని అరిచాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యనే తాయారు పక్కకి ఒరిగి నేల మీద పడిపోయింది. వెనక ఉన్నవాళ్లకి కనబడక, ఆమె పడ్డాక కూడా కాసేపు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఆటోలో దగ్గరి నర్సింగ్ హోముకి, అక్కడినుంచి అంబులెన్సులో కాకినాడకి తీసుకెళ్లారు. రక్తంలో చక్కెర దాదాపు లేదన్నారు. అందువల్ల మెదడు దెబ్బతిందన్నారు. పదకొండో రోజున తాయారు కళ్లు తెరిచింది. సత్తిబాబు పిలిస్తే పలకలేదు. చూసింది, అంతే.

హైమావతి గారు కబురు తెలియగానే విశాఖనుంచి తిన్నగా ఆసుపత్రికే వచ్చారు. వరండాలో పేర్రాజు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి చేతులు జోడించాడు.

"నేను దాని మంచికే చేశానండి. అది తగ్గడం లేదని…" అంటూ ఏడ్చాడు.

"తగ్గడం లేదని మీకెవరు చెప్పారు?" అన్నారు హైమావతి గారు. "మొదటి నెలలో మూడొందలున్న షుగరు రెండో నెలకి నూట అరవైకి వచ్చింది. రక్తపోటు దారిలో పడింది. ఇంకో నెలాగితే మాత్రలు సగానికి తగ్గించేదాన్ని. మన ముప్పై ఒక్కమందిలో అందరికంటే బాగా చేస్తున్నది మీ చెల్లెలేనండీ. అది కాటా మీద కనబడదు."

పేర్రాజు వార్డు తలుపు వైపు తిరిగాడు.

"మీకు కాటా ఇచ్చి తప్పు చేశాను. సన్నబడ్డవాడికి ఎదుటివాళ్ల బాధ తెలిసే ఉంటుందనుకున్నాను," అని ఆమె లోపలికి వెళ్లిపోయారు.

పార్కులో బోర్డు తీసేశారు. ఆ రోజు నవ్వినవాళ్లలో ఒక్కరు కూడా తాము నవ్వామని ఒప్పుకోలేదు. "అంతా ఆ పేర్రాజే," అన్నారు. కొన్నాళ్లకి ఆ మాట కూడా మానేసి మామూలుగా నడక సాగించారు. బడిలో తాయారు చోట ఇంకొకరు వచ్చారు.

తాయారు ఇంటికి వచ్చింది. మంచం మీదినుంచి తనంతట తాను లేవలేదు. మాట రాలేదు. సత్తిబాబు మిల్లు పని మానుకుని ఆమెకి అన్నం కలిపి తినిపించేవాడు. చిన్నపిల్లలా నోరు తెరిచి తినేది. పేర్రాజు రోజూ వచ్చేవాడు. ఒకరోజు, "నేను పెడతాను బావా," అని గిన్నె అందుకున్నాడు. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాడు.

తాయారు అతని మొహం చూసింది. పెదాలు బిగించుకుంది.

"తినవే అమ్మా, ఒక్క ముద్ద," అన్నాడు. మళ్లీ మళ్లీ అడిగాడు. బతిమాలాడు. ఆమె పెదాలు విప్పలేదు. భర్త ఎవరో తెలియదు, తన పేరు తెలియదు గానీ, ఈ మనిషి ముందు తినకూడదన్నది మాత్రం ఆమెకి గుర్తుండిపోయింది.

"నువ్వు బయటికెళ్లు బావా," అన్నాడు సత్తిబాబు. అతని గొంతులో కోపం లేదు. "నువ్వు కనబడుతుంటే అది తినదు."

పేర్రాజు గిన్నె అక్కడ పెట్టి వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా రోజూ వెళ్లేవాడు. ఆమె భోజనం అయ్యేదాకా అరుగు మీదే ఉండేవాడు. నలుగురూ చేరిన చోట కబుర్లు చెప్పడం మానేశాడు. ఆ మానడం వల్ల తాయారుకి ఒరిగిందేమీ లేదు.

తిండి దగ్గర నోరు కట్టుకుంటే మన ఒళ్లు బాగుపడుతుంది. మాట దగ్గర నోరు కట్టుకోకపోతే మనవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.