పట్టుతలగడ మీద డేగ, గంగాళంలో ఎలుకలు

అనగా అనగా, ఏడు సముద్రాల అవతల కాదు, రెండు ఏర్ల ఇవతలే వేగవరమనే రాజ్యం ఉండేది. దాన్ని ఉదయచంద్రుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ప్రాణంతో సమానమైన ఒక డేగ ఉండేది. దాని పేరు చుక్క.

ఒకనాడు వేటలో చుక్క రెక్క విరిగింది. వైద్యులు ఎముక అతికించారు గాని, ఇక అది ఎగిరి వేటాడలేదని తేల్చేశారు. వేటాడలేని డేగకు ఎవరో ఒకరు తిండి అందించాల్సిందే కదా! రాజు తన డేగల కాపరి కసవయ్యను పిలిపించాడు.

"కసవయ్యా, నేను తీర్థయాత్రకు వెళుతున్నాను. దసరాకు తిరిగి వస్తాను. అందాకా చుక్కను నీ ఇంట్లో ఉంచి కాపాడు. వానలు పడితే పొలాల్లో ఎలుకలు దొరకవు. కాబట్టి ఇంట్లోనే చిట్టెలుకలను పెంచి రోజుకొకటి దానికి పెట్టు. చుక్క చక్కగా ఉంటే నీకు సన్మానం. దానికేమైనా అయితే ఈ రాజ్యంలో నీకు చోటు లేదు."

అలా చెప్పి ఆరు చిట్టెలుకలను, వాటి మేతకు రెండు బస్తాల కొర్రలను ఇప్పించాడు.

కసవయ్య చెడ్డవాడు కాడు. డేగలంటే అతనికి పిచ్చి ప్రేమ. ఇంటికి రాగానే చుక్క వాలేందుకు చందనపు దండె నిలబెట్టాడు. దాని కింద పట్టుతలగడ వేశాడు. కాళ్లకు వెండి మువ్వలు కట్టాడు. ఎలుకలను మాత్రం వంటింటి మూలనున్న పాత కాగులో పడేసి మూత పెట్టాడు.

అతని భార్య పేరమ్మ అది చూసింది. "ఏమయ్యా, వాటికి గాలి ఆడొద్దా? ఇంత గడ్డి అయినా వేయొద్దా?"

"రేపో మాపో చచ్చే ఎలుకలకు ఇల్లూ వాకిలీ ఎందుకే?" అన్నాడు కసవయ్య.

పేరమ్మ నెత్తి కొట్టుకుంది.

ఎండాకాలం కాబట్టి మొదటి నెల పొలం ఎలుకలతోనే గడిచిపోయింది. ఈలోగా కాగులోని ఆరు ఎలుకలు దాదాపు నలభై అయ్యాయి. చోటు చాలక మగవి ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఊపిరాడక, బెదిరిపోయి, తల్లులు తమ పిల్లలను తామే తినేశాయి. ఒక పొద్దున మూత తీసి చూస్తే పదహారు మిగిలాయి.

"అయ్యో, ఏం పాపిష్టి జాతే ఇది!" అన్నాడు కసవయ్య.

"పాపం జాతిది కాదయ్యా, కాగుది. మగవాటిని వేరు చెయ్యి. ఈనే ఎలుకకు ఓ చీకటి మూల, మెత్తటి గడ్డి ఇయ్యి," అంది పేరమ్మ.

"ఊరుకోవే! డేగలను పెంచినవాణ్ణి, ఎలుకలను పెంచలేనా?"

రెండోసారి వాటిని వెదురు గంపలోకి మార్చాడు. ఎలుక పళ్ల ముందు వెదురెంత? నాలుగు రోజుల్లో గంపకు కన్నం పడింది. ఎలుకలు ఇల్లంతా పరుచుకున్నాయి. పప్పుమూట చింపాయి. పేరమ్మ పెళ్లిచీర కొంగు కొరికాయి. చుక్క కళ్లకు తొడిగే పట్టుటోపీని పీలికలు చేశాయి. పేరమ్మ జల్లెడ చేతబట్టుకుని అటక మీదికీ పొయ్యి వెనక్కీ మూడు రోజులు పరుగులు తీసి పన్నెండింటిని పట్టింది.

"ఈ చీర మా అమ్మ కోరి నేయించింది," అంది చిరిగిన కొంగు చూపిస్తూ. "పద్దెనిమిదేళ్లు నీతో కాపురం చేశాను. ఇంత విసుగు ఎన్నడూ రాలేదు. కొరుక్కోవడానికి వాటికో కర్రముక్క పడేస్తే నీ సొమ్మేం పోయిందయ్యా?"

కసవయ్య ఆ మాట సగమే విన్నాడు. కొరికే జాతి కాబట్టి కొరకలేని చోట పెడతానని, మూడోసారి వాటిని రాగి గంగాళంలో వేసి పైన ఇనుప వల కప్పాడు. ఎలుకలకు ఇంత మంచి తిండా అని రాజుగారి కొర్రలను షావుకారుకు ఇచ్చేసి, బదులుగా చుక్కకు జరీటోపీ తెచ్చాడు. ఎలుకలకు ఊక, పులిసిన గంజి పోశాడు. గంగాళం కడిగే ఊసే ఎత్తలేదు.

వానలు పట్టాయి. ఎలుకలు ఈనాయి గాని, అన్నీ ఎముకలకు తోలు కప్పినట్టున్నాయి. ఒంటినిండా గజ్జి. కసవయ్య రోజుకొకదాన్ని తోక పట్టి తీసి చుక్క ముందు వేసేవాడు.

ఆషాఢంలో చుక్క ఈకలు రాలసాగాయి. శ్రావణం వచ్చేసరికి కళ్లలో మెరుపు పోయింది. ఒకరోజు అది తిండి ముట్టడమే మానేసింది.

కసవయ్య పరుగులు పెట్టాడు. వైద్యుణ్ణి పిలిచి పసరు రాయించాడు. దిష్టి తీయించాడు. పట్టుతలగడ తీసి మఖమలు తలగడ వేశాడు. ఏదీ ఫలించలేదు. చివరికి దండె ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ప్రాణం పెట్టి చూసుకున్నానే! నేనేం తక్కువ చేశాను?"

పేరమ్మకు జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అతని చెయ్యి పట్టి గంగాళం దగ్గరకు లాక్కుపోయి వల ఎత్తింది. కంపు గుప్పుమంది.

"ఇదిగో, తక్కువ చేసింది ఇక్కడ! చుక్క తలగడను తింటుందా? మువ్వలను తింటుందా? ఈ ఎలుకను తింటుంది. ఈ ఎలుక కడుపులో ఏముంటే చుక్క కడుపులోకి అదే పోతుంది. నీ ప్రాణంలాంటి డేగకు ఇన్నాళ్లూ నువ్వు ఊక, పులిసిన గంజి, గజ్జి తినిపించావయ్యా! ఎన్నిసార్లు మొత్తుకోను?"

కసవయ్య గంగాళంలోకి వంగి చూశాడు. నిజంగా చూడడం అదే మొదలు. తడిసిన ఊకలో ఒక తల్లి ఎలుక తన పిల్లలను పొట్ట కింద దాచుకోవాలని తంటాలు పడుతోంది. దాచడానికి అక్కడ చోటే లేదు.

అతను భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు, నేను చేస్తాను," అన్నాడు చివరికి.

పేరమ్మ కొంగు బిగించింది. ఆరు వెడల్పాటి బానలు తెప్పించి, పొడిగడ్డి పరిపించింది. మగవాటిని వేరు చేసింది. గజ్జికి వేపనూనె రాసింది. మళ్లీ కొని తెచ్చిన కొర్రలు, ఆకుకూర, మంచినీళ్లు, కొరుక్కోవడానికి తుమ్మపుల్లలు పెట్టించింది. రోజు విడిచి రోజు గడ్డి మార్చడం కసవయ్య వంతు. అవి కోలుకునేదాకా చుక్కకు కోడిమాంసం సన్నగా కోసి తినిపించారు.

ఎలుకలు నిగనిగలాడాక మళ్లీ రోజుకొకటి తీశారు. పాలిచ్చే తల్లిని, చూలుతో ఉన్నదాన్ని పేరమ్మ ముట్టనిచ్చేది కాదు. ప్రాణంతో డేగ ముందు వేయనిచ్చేదీ కాదు. తానే గుప్పిట్లోకి తీసుకుని, రెప్పపాటులో ప్రాణం పోయేలా చేసి ఇచ్చేది.

"ఇంత బాగా పెంచి ఎలా చంపగలుగుతున్నావే?" అని అడిగాడు కసవయ్య.

"సంతోషంగా చేస్తున్నాననుకున్నావా?" అంది పేరమ్మ. "డేగ గడ్డి తినదు. దాన్నలా పుట్టించింది నేను కాదు. బతికినన్నాళ్లు బాగా బతకనివ్వడం, పోయేటప్పుడు నొప్పి లేకుండా పోనివ్వడం, నా చేతిలో ఉన్నవి ఈ రెండే."

దసరా నాటికి చుక్కకు కొత్త ఈకలు మొలిచాయి. కసవయ్య ఇంటికి వచ్చిన రాజును చూసి అది మెడ నిక్కించి గట్టిగా కూసింది. రాజు మురిసిపోయి తన బంగారు కంకణం తీసి కసవయ్యకు అందించాడు.

కసవయ్య చేతులు కట్టుకుని వెనక్కి జరిగాడు. "ప్రభూ, అది నాకు తగదు. నా చేతిలో చుక్క చావుదాకా వెళ్లింది. మీరిచ్చిన కొర్రలు కూడా టోపీ కోసం ఇచ్చేశాను. దాన్ని బతికించింది నా భార్య."

రాజు ముఖం గంభీరమైంది. "ఎలుకలను చూపించు," అన్నాడు. కొలువువారు ముందే ముక్కులు మూసుకున్నారు. వంటింట్లో అడుగుపెట్టాక ఒక్కొక్కరే చేతులు దించారు. ఎండుగడ్డి వాసన తప్ప మరేమీ లేదు.

రాజు కంకణాన్ని పేరమ్మ ముందుంచాడు. "ఇంకేం కావాలో కోరుకో తల్లీ."

"ఎలుకలకు కోటలో ఒక కొట్టం వేయించండి ప్రభూ. నా వంటిల్లు నాకు ఇప్పించండి. ఇంకేమీ వద్దు!" అంది పేరమ్మ.

రాజు ఫక్కున నవ్వాడు. నెల తిరక్కముందే కొట్టం లేచింది. దానికి పెద్ద పేరమ్మే. నిజం దాచనందుకు కసవయ్య కొలువు నిలిచింది, కాని భార్య చెప్పినట్టు గడ్డి మార్చడం కూడా ఆ కొలువులో భాగమైంది.

పిల్లలూ, పట్టు పరిచినంత మాత్రాన ప్రేమ కాదు. మనం ప్రేమించే ప్రాణి ఏ చిన్న ప్రాణి మీద ఆధారపడి బతుకుతోందో, ఆ చిన్న ప్రాణినీ దయతో చూడడమే అసలైన ప్రేమ.