పారేసిన గుడ్లు

ఎనిమిది వారాలుగా ఇమ్మానుయేలుకి ఒకటే తలనొప్పి. విచ్చుకోవలసిన కణాలు విచ్చుకోవడం లేదు.

అతను పశువైద్య కళాశాలలో మాణిక్యాంబ గారి దగ్గర పరిశోధన చేస్తున్నాడు. చుంచెలుక అండాశయంలో ఎదిగిన ప్రతి గుడ్డు చుట్టూ చిన్న చిన్న కణాలు గుత్తిలా అంటుకుని ఉంటాయి. గుడ్డు విడుదలయ్యే వేళకి ఆ కణాల్లో జిగురు ఊరి, గుత్తి వదులై, ఏకిన దూదిలా విచ్చుకుంటుంది. అందుకు గ్రోత్ ఫ్యాక్టర్ అనే ఒక్క ప్రోటీన్ చాలునని, తాను నిరూపిస్తానని, సెమినార్‌లో అందరి ముందూ చెప్పి వచ్చాడు.

గుడ్డుతో తనకు పని లేదనుకున్నాడు. కణాలు పోషిస్తే పెరిగేదే కదా అది, దానివల్ల ఏమవుతుంది? అందుకని సన్నటి సూదితో గుత్తిలోంచి గుడ్డును లాగేసి, మిగిలిన కణాలకు ఫ్యాక్టర్ వేసేవాడు. మర్నాడు చూస్తే అవి ఎక్కడివక్కడే బిగుసుకుని ఉండేవి.

మోతాదు రెట్టింపు చేశాడు. సీసా మార్చాడు. నీళ్లను అనుమానించాడు, ఇంక్యుబేటర్ని తిట్టుకున్నాడు. ప్రతి మంగళవారం కొన్ని ఎలుకల ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఆ సంగతి అతన్ని లోపల కోస్తూ ఉండేది. బయటికి మాత్రం విసుగుగానే వచ్చేది.

మేడమ్‌తో నాలుగుసార్లు మొరపెట్టుకున్నాడు. ఆవిడ విని, ఊఁ అని, ఇంకోసారి చూడమనేవారు. ఐదోసారి వెళ్లి, ఎదురుగా నిలబడే చెప్పేశాడు.

“ఈ కణాలతో నావల్ల కాదు మేడమ్. టాపిక్ మార్చేయండి.”

మాణిక్యాంబ గారు కళ్లజోడు తీసి బల్లమీద పడేశారు. ఆవిడకీ ఓపిక అయిపోయినట్టే ఉంది. లేచి ల్యాబ్‌లోకి నడిచారు. ఇమ్మానుయేలు వెనకాలే వెళ్లాడు.

ఆ పొద్దున తీసిన గుడ్లు చెత్తలోకి పోవడానికి ఓ పక్కన గిన్నెలో ఉన్నాయి. ఆవిడ మైక్రోస్కోప్ ముందు కూర్చుని, సన్నని గాజు గొట్టంతో వాటిలో ఒక ఇరవై పీల్చి, గుడ్లులేని గుత్తులున్న ఒక పోషకద్రవం చుక్కలో వదిలారు. పక్కనున్న అలాంటిదే మరో చుక్కను ముట్టుకోలేదు.

“రెండింటికీ ఫ్యాక్టర్ నువ్వే వెయ్యి. మొదట్లో వేసినంతే,” అని చెప్పి క్లాసుకి వెళ్లిపోయారు.

ఇమ్మానుయేలుకి ఒళ్లు మండింది. సలహా అడిగితే చెత్తలో పోయేవాటిని తెచ్చి కలపడమేమిటి? అయినా చెప్పినట్టే చేశాడు.

మర్నాడు ఆవిడకన్నా ముందే వచ్చాడు, ఇదీ కాలేదని చూపిద్దామని. గుడ్లు వెయ్యని చుక్కలో గుత్తులు ఎప్పటిలాగే ముడుచుకుని ఉన్నాయి. రెండోదాన్ని చూసి, తల ఎత్తి, కటకం తుడిచి మళ్లీ చూశాడు.

గుత్తులన్నీ విచ్చుకుని ఉన్నాయి. గుడ్లు వాటిలోపల లేవు, వాటిని తాకను కూడా లేదు. ఆ చుక్కలోనే కాస్త ఎడంగా పడి ఉన్నాయి, అంతే.

మాణిక్యాంబ గారు వచ్చేదాకా అతను స్టూలు మీదనుంచి లేవలేదు. గుడ్డులోంచి కూడా ఏదో ఒక ఫ్యాక్టర్ వస్తున్నట్టుందని, అది అందితేనే కణాలు తను వేసినదానికి పలుకుతున్నాయని తడబడుతూ చెప్పుకొచ్చాడు. ఆవిడ వంగి తను కూడా చూశారు. చాలాసేపు చూశారు.

“ఏమిస్తోంది మేడమ్ అది?”

“నన్నడుగుతావేం? దాన్నడుగు,” అన్నారావిడ, ఇంకా కళ్లు ఎత్తకుండానే. “ఇన్నాళ్లూ దాన్ని మాట్లాడనిచ్చావా?”

ఆవిడ పక్కకు జరిగాక ఇమ్మానుయేలు స్టూలు ముందుకు లాక్కుని, మళ్లీ కటకం మీదికి వంగాడు.