సూదమ్మ చూపించని వైపు

అనగనగా ఒక అడవి ఉండేది. అందులో జంతువులకు సెల్‌ఫోన్లు కూడా ఉండేవి. నవ్వకండి, కథ వినండి.

ఆ అడవిలో వాగుకు ఇవతల సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. వాగుకు అవతల ఏనుగు డాక్టరు గారు ఉండేవారు. ఆయన తొండంతో ఒకసారి నిమిరితే సగం జబ్బు పారిపోతుందని అందరి నమ్మకం. మనం హస్తవాసి అంటామే, దాన్ని అక్కడ తొండంవాసి అనేవాళ్లు.

ఒక వానాకాలం సూదమ్మ కూతురు బుడిగికి జలుబు పట్టుకున్నట్టు కనిపించింది. తిండి మానేసింది. నోటితో ఊపిరి పీలుస్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వాగు పొంగి పొర్లుతోంది.

"నా ఫోనుంది కదా వదినా, వీడియోలో చూపించు," అంది పొరుగింటి కోతి.

"తొండం తగలకుండా వైద్యమేంటమ్మా? అదేమన్నా సినిమానా?" అంది సూదమ్మ. కానీ బిడ్డ మూలుగుతుంటే ఎంతసేపని చూస్తూ కూర్చుంటుంది? సరేనంది.

వీడియో అంటే సూదమ్మ దృష్టిలో ఫోటో దిగడమే. బుడిగి మొహం కడిగి, ముళ్లన్నీ దువ్వి, బొట్టు పెట్టింది. ఎడమ ముక్కు మాత్రం కారుతూనే ఉంది. పెద్దాయన ముందు చీమిడి ముక్కేం బాగుంటుందని, బిడ్డ కుడివైపే కనబడేలా కూర్చోబెట్టింది.

ఏనుగు డాక్టరు గారికీ ఈ ఫోను వైద్యం మీద గురి లేదు. "ముట్టుకోకుండా ఏం తెలుస్తుంది? ఏదో మీరు అడిగారని," అంటూ సణిగారు. చూసీ చూడనట్టు చూసి, "మామూలు జలుబే. తులసి కషాయం పట్టు," అన్నారు.

మర్నాటికీ తగ్గలేదు. మళ్లీ ఫోను చేశారు. మళ్లీ అదే బొట్టు, అదే కుడివైపు. "ఇంకో రోజు చూడు," అన్నారు డాక్టరు గారు.

మూడో రోజు బుడిగి రొప్పడం మొదలుపెట్టింది.  సూదమ్మకు దువ్వెనా గుర్తు రాలేదు, బొట్టూ గుర్తు రాలేదు. బిడ్డను ఉన్నపళంగా ఫోను ముందు పెట్టి ఏడ్చేసింది.

ఈసారి డాక్టరు గారు సర్దుకుని కూర్చున్నారు. "అమ్మా, ఆ ఎడమ ముక్కు ఎప్పటి నుంచి కారుతోంది?"

"మొదటి నుంచీ అండి."

"మరి కుడి ముక్కు?"

"అది అసలు కారలేదండి."

"జలుబైతే రెండూ కారాలి కదా. బిడ్డను వెలుతురులోకి తిప్పు."

కోతి ఫోను దగ్గరగా పెట్టింది. ఎడమ ముక్కులో ఎర్రగా ఏదో మెరిసింది.

"గురివింద గింజ," అన్నారు డాక్టరు గారు. "ఆడుకుంటూ దూర్చుకుంది. పుల్ల పెట్టి కెలకొద్దు. లోపలికి జారితే ప్రాణం మీదికొస్తుంది."

"మీ తొండం ఇక్కడుంటే లాగేసేవారు కదండీ," అని సూదమ్మ వెక్కింది.

"నా తొండం ఆ ముక్కులో పడుతుందా తల్లీ? దీనికి నీ నోరు చాలు. కుడి ముక్కు వేలితో మూయి. ముద్దు పెట్టినట్టు నోటికి నోరు ఆనించి టక్కున ఊదు."

సూదమ్మ ముళ్లన్నీ వెనక్కి వాల్చి ఊదింది. గింజ రాలేదు. మళ్లీ ఊదింది. కొంచెం కదిలింది. మూడోసారి ఊదేసరికి టప్పున ఎగిరొచ్చి కోతి నుదుటికి తగిలింది. బుడిగి ముక్కు నిండా గాలి పీల్చి, "అమ్మా, ఆకలి," అంది. ఆ ఒక్క మాటకి సూదమ్మ ప్రాణం లేచొచ్చింది.

వాగు తగ్గాక తల్లీబిడ్డలు డాక్టరు గారి దగ్గరికి వెళ్లారు. ఆయన ముక్కు పరీక్ష చేసి, పుండేమీ లేదన్నారు. సూదమ్మ దండం పెట్టింది. "మీ తొండంవాసి వాగు దాటి వచ్చిందండీ. ఈ జన్మలో మీ మేలు మరచిపోను. నేనే సిగ్గుపడి, జబ్బున్న వైపు దాచిపెట్టాను."

"నేను మాత్రం అటు తిప్పమని అడిగానా తల్లీ? ఫోనును చిన్నచూపు చూసి, బిడ్డను సరిగ్గా చూడలేదు. నువ్వు మళ్లీ మళ్లీ ఫోను చేయబట్టి నా పరువూ దక్కింది. నేనే నీకు దండం పెట్టాలి," అన్నారు డాక్టరు గారు.

ఆ మాట అంటూ బుడిగి తల నిమిరారు. తొండానికి ముళ్లు గుచ్చుకున్నాయి. అయినా ఆయన తొండం తీయలేదు.

నీతి: రోగి దాచకుండా చూపించాలి, వైద్యుడు విసుక్కోకుండా అడగాలి, అప్పుడు మధ్యలో ఎంత దూరమున్నా వైద్యం ఫలిస్తుంది.